పొడిదారి కొలతలు

మా ఊరి బీడులోకి కొత్తవాళ్ళు ఎవరొచ్చినా వాళ్ళ కాలు తడవనివ్వం. ఇది ఎవరూ కూర్చోబెట్టి నేర్పిన మర్యాద కాదు. స్కేరవిక్‌లో నడక వచ్చిన ప్రతి పిల్లకీ ఎక్కడ అడుగు వెయ్యాలో, ఎక్కడ వేస్తే బూటు తిరిగి రాదో తెలుసు. కాళ్ళు వాటంతట అవే పొడిదారి పట్టుకుంటాయి, బుర్రతో పని లేదు. ఆ మర్యాదే ఈ ఏడు నా కొంప ముంచింది.

నా పేరు హెక్టరీనా. మా నాన్న హెక్టర్ కొడుకు కోసం ఎదురుచూసి చూసి, నేను పుట్టేసరికి ఉసూరుమని తన పేరుకే ఒక తోక తగిలించి ఊరుకున్నాడు. అందరూ రీనా అంటారు. ఇరవై రెండేళ్ళుగా మా ఊరి మేత భూముల సంఘానికి కార్యదర్శిని నేనే. ఆ పదవికి పోటీ ఎవరూ రారు, ఎందుకంటే అది తిట్లు తినే పదవి. గొర్రె తప్పిపోయినా నాదే తప్పు, కంచె విరిగినా నాదే తప్పు. నాకూ నోరుంది కాబట్టి ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాను.

మూడు గాలిమరలు పెట్టించాలన్న పట్టుదల మొదట నాదే. ఏ కంపెనీవో కాదు, ఊరి సొంతవి. స్కాట్లాండు కొసన ఉన్న మా లూయిస్ ద్వీపంలో గాలి ఒక్క పూట ఆగిందంటే, దానికి ఆనుకుని నిలబడ్డ కోళ్ళు తూలి పడిపోతాయని పిల్లలు నవ్వుకుంటారు. అంత గాలిని నెత్తిన పెట్టుకుని, ఇంట్లో హీటరు వేసుకోవాలంటే జనానికి బిల్లు భయం. నా చెల్లెలి కూతురు కాట్రియోనా సంగతే చూడండి. చెల్లెలు పోయి ఆరేళ్ళయింది. ఈ పిల్ల ఒక్కతే, ఐదేళ్ళ కూతురు మోరాగ్‌ని పెట్టుకుని ఊరి చివర చెమ్మ కొంపలో ఉంటుంది. పడకగది గోడ మీద నల్లబూజు. తుడిస్తే వారం తిరక్కుండా మళ్ళీ వస్తుంది. మోరాగ్‌కి ఊపిరి తీస్తే పిల్లికూతలు. కిందటి చలికాలం రెండుసార్లు స్టోర్నవే ఆసుపత్రిలో పడుకోబెట్టాల్సి వచ్చింది. గాలిమరలు తిరగడం మొదలవగానే ఆ రాబడితో ముందు ఆరు ఇళ్ళకి గోడలు బాగుచేయించి వెచ్చగా చెయ్యాలని సంఘంలో తీర్మానించాం. జాబితాలో మొదటి ఇల్లు కాట్రియోనాది. అదీ నా పట్టుదల వెనక సంగతి. భూగోళం, పర్యావరణం అన్న మాటలు నేను తర్వాత నేర్చుకున్నాను.

గాలిమరల మాట ఎత్తగానే ఊరు రెండుగా చీలింది. ఒక కిటికీలో ‘ఔను’ బోర్డు, పక్క కిటికీలో ‘వద్దు’ బోర్డు. ‘ఔను’ బోర్డులన్నీ నా ఇంట్లోనే తయారయ్యాయి. పక్క గదిలో మంచం కూడా కనబడనంతగా పేర్చి పెట్టాను. ‘వద్దు’ బోర్డులు పక్కింటి ముర్దోవి. అతని గొంతు చూసి ఊళ్ళో సైరన్ ముర్దో అంటారు. ఇద్దరం ఒకే బళ్ళో చదివాం, ఇద్దరి పెరళ్ళకీ కంచె ఒకటే, అయినా ఏడాదిగా మాటల్లేవు. దానికి తోడు ఎన్నికలొచ్చిపడ్డాయి. ఇక చూడాలి సంబడం! ఒక పార్టీ తరఫున పచ్చకోటాయన దిగాడు. మా మూడు గాలిమరలూ భూమిని రక్షించేస్తాయట. ఇంకో పార్టీ తరఫున కొత్తబూట్లాయన దిగాడు. గాలిమరలన్నీ పచ్చి దగా అట, నగరాలవాళ్ళ వేషాలట. ఇద్దరూ చర్చి ముందు నిలబడి ఫొటోలు దిగారు. ఒక్కడు బీడులో కాలు పెడితే ఒట్టు.

పచ్చకోటాయన పంచిన కరపత్రంలో ఇంతేసి అక్షరాలతో ‘పద్నాలుగు నెలలు’ అని ఉంటుంది. గాలిమర తయారీకి, దాని కింద కాంక్రీటు దిమ్మెకి, అక్కడిదాకా వేసే రోడ్డుకి గాలిలోకి పోయే పొగ మొత్తాన్నీ ఆ మర పద్నాలుగు నెలలు తిరిగి తీర్చేస్తుందని అర్థం. ఆ తర్వాత అంతా మంచే అని. ఈ లెక్కలో పెద్ద వాటా మా పీట్‌ది. పీట్ అంటే మా బీడంతా పరుచుకున్న నల్లమట్టి, వేల ఏళ్ళుగా నాచూ గడ్డీ నీళ్ళలో నానుతూ పేరుకుపోయింది. దాన్నే మేము గడ్డలుగా కోసి ఎండబెట్టి పొయ్యిలో కాలుస్తాం. తవ్వి నీరు తీసేశామా, కాల్చకపోయినా సరే, అది మెల్లమెల్లగా పొగలాగే గాలిలో కలిసిపోతుంది. కాబట్టి ఎంత లోతు పీట్‌లో తవ్వుతున్నాం అన్నదే అసలు ప్రశ్న.

ఆ లోతు కొలవడానికి మార్చి నెలలో ఎడిన్‌బరో నుంచి జూలియన్ అనే సర్వేయరు వచ్చాడు. ఆ రోజు మంచు, వాన, ఎదురుగాలి. పాపం అతని బూట్లు చూస్తే జాలేసింది. నేనే వెంట నడిచాను. పొడవాటి ఇనప ఊచ ఒకటి నేలలో గుచ్చుతాడు, లోతు రాసుకుంటాడు, పది అడుగులు నడుస్తాడు, మళ్ళీ గుచ్చుతాడు. నలభై ఒక్క చోట్ల గుచ్చాడు. చివర్లో మంచులోకి చెయ్యి చూపించి అడిగాడు.

"అటువైపు కూడా ఇలాగే ఉంటుందాండీ?"

"అంతా ఒకటే బీడు బాబూ. పద పద, టీ చల్లారిపోతుంది" అన్నాను.

ఆ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి.

మే నెలలో పీట్ కోతకి వెళ్ళాం. మా అమ్మ తమ్ముడు తోర్మోద్ మామయ్యకి ఎనభై మూడేళ్ళు. మా ఊళ్ళో ప్రతి ఇంటికీ బీడులో ఒక గట్టు ఉంటుంది, ఆ ఇంటివాళ్ళు తప్ప ఇంకెవరూ అక్కడ కొయ్యరు. కోతకి ఇద్దరు కావాలి. ఒకరు గట్టు మీద నిలబడి పారతో కోస్తే, ఇంకొకరు కింద నిలబడి ఆ తడి గడ్డని అందుకుని ఎండే చోటికి విసరాలి. నలభై ఆరేళ్ళు మామయ్య కోస్తే మా అత్త ఇసెబెల్ విసిరింది. అత్త పోయినప్పటినుంచీ నేను విసురుతున్నాను, నాకు ఆవిడ వాటం రాదని మామయ్య ప్రతి ఏడూ గుర్తుచేస్తాడు.

గాలిమరల విషయంలో ఆయన ఏ కిటికీలోనూ ఏ బోర్డూ పెట్టలేదు. పచ్చకోటాయన ఇంటికొస్తే మాత్రం "ఆ రెక్కలు అరిగిపోయాక ఎక్కడ పాతిపెడతారు నాయనా? ఆ కాంక్రీటు ఎవడు పీకుతాడు?" అని అడిగాడు. ఆయన ఇంకో కరపత్రం ఇచ్చాడు. కొత్తబూట్లాయన వస్తే "మరి ఇప్పుడు మనకి కరెంటు ఇస్తున్న డీజిలు మోటార్ల పొగ ఎటు పోతోంది, స్వర్గానికా?" అని అడిగాడు. ఆయన గడియారం చూసుకున్నాడు. రెండు కరపత్రాలూ పొయ్యి రాజేసుకోవడానికి పనికొచ్చాయని మామయ్య సంతోషించాడు.

ఆ రోజు రెండు వరసలు కోశాక నడుం పట్టుకుని దూరంగా చూశాడు. అక్కడ నీటి మడుగుల మధ్య ఒక మేకు, దానికి నారింజరంగు రిబ్బను.

"అదేమిటే?"

"మూడో గాలిమర అక్కడే మామయ్యా. కిందటి వారం మేకులు కొట్టి వెళ్ళారు."

"ఎర్రావు గుంటలోనా?"

"ఎనభై సెంటీమీటర్లేనట లోతు. సర్వే కాగితంలో ఉంది."

"కాగితంలో మా తమ్ముడి ట్రాక్టరు కూడా ఉందా?"

డెబ్బై నాలుగులో చిన్న మామయ్య ఎర్రావు గుంటలో ట్రాక్టరు దింపాడు. మధ్యాహ్నానికి చక్రాలు, సాయంత్రానికి సీటు, మర్నాటికి పొగగొట్టం. ఊరంతా వెళ్ళి చూశారు. నాకప్పుడు పదేళ్ళు. ఆ ముచ్చట ప్రతి పెళ్ళిలోనూ చెప్పుకుంటాం. అయినా ఆ కాగితం చదివినప్పుడు నాకది గుర్తురాలేదు. గుర్తు రాలేదా, రానివ్వలేదా అంటే ఇప్పటికీ తేల్చుకోలేను.

"ఆ అబ్బాయి ఊచ ఎక్కడెక్కడ గుచ్చాడు?" అన్నాడు మామయ్య.

"నలభై ఒక్క చోట్ల. పక్కన నేనే ఉన్నా."

"ఏ దారిన తీసుకెళ్ళావు?"

"ఏ దారినేంటి? అందరం నడిచే దారినే."

మామయ్య పారని గడ్డికేసి తుడిచాడు. తర్వాత నా బూట్లకేసి చూశాడు. పొద్దున్నుంచీ బీడులో తిరుగుతున్నా అవి పొడిగా ఉన్నాయి.

నేనూ వాటినే చూసుకున్నాను. మా పొడిదారి పొడిగా ఎందుకుందంటే, అది పాత గట్ల వెంట పోతుంది. రెండు వందల ఏళ్ళుగా మా తాతముత్తాతలు అక్కడి పీట్ కోసుకుని కాల్చేశారు. అక్కడ ఉన్నదల్లా మేము మిగిల్చిన అడుగు పొర. ఆ పొరనే నలభై ఒక్కసార్లు కొలిపించి, "అంతా ఒకటే బీడు" అని నా నోటితో చెప్పాను.

ఒప్పుకోవడానికి మనసు రాలేదు. "నీకెప్పుడూ అంతే, ఏది చేసినా ఒక వంక పెడతావు. ఆ పిల్ల గోడ నువ్వు చూశావా అసలు?" అని ఆయన మీద ఎగిరాను.

"అరుస్తే గుంట పూడదు. పోయి పొగగొట్టం దులిపే కర్రలు పట్రా" అన్నాడు.

ఆ కర్రలు మా ఊళ్ళో లేని ఇల్లు లేదు. గజం పొడవు ముక్కలు, ఒకదానికొకటి బిగించుకోవచ్చు. ఇంటికి వెళ్ళి తెచ్చాను. గుంట అంచు నుంచి చెక్కపలక పరిచి, దాని మీద బోర్లా పడుకుని మేకు పక్కన గుచ్చాను. మొదటిది వెన్నలోకి దిగినట్టు దిగింది. రెండోది బిగించాను, అదీ దిగింది. మూడు, నాలుగు, ఐదు. ఆరోది బిగించాను. అదీ పోయింది, పిడి నీళ్ళకి తగిలింది. కర్రలు అయిపోయాయి గానీ అడుగు తగల్లేదు.

"ట్రాక్టరు తగిలిందా?" అని అడిగాడు మామయ్య గట్టు మీద నుంచి.

నవ్వాలో ఏడవాలో తెలియక ఆ పలక మీదే పడుకుండిపోయాను.

మర్నాడు ఆదివారం. ఆదివారం మా ఊళ్ళో బట్టలు కూడా ఆరెయ్యం, ఇలాంటి మాట ఎత్తడం అసలే కుదరదు. చర్చిలో అందరూ కీర్తన పాడుతున్నారు. ముందు వరసలో మోరాగ్ దగ్గుతోంది. శుక్రవారం సంఘం సమావేశంలో గాలిమరల మీద ఓటింగు. నేను నోరు విప్పితే ‘వద్దు’వాళ్ళు గెలుస్తారు, ఆ పిల్ల మళ్ళీ అదే గోడ పక్కన పడుకుంటుంది. విప్పకపోతే, భూమిని రక్షిస్తామని చెప్పి ఆ భూమినే చీల్చినవాళ్ళమవుతాం, అదీ నా మాట మీద. దేవుడా, ఈ పదవి ఎందుకిచ్చావు అనుకున్నాను.

సోమవారం జూలియన్‌కి ఫోన్ చేశాను. ఎన్ని కర్రలు దిగాయో చెప్పాను.

"ఆ లోతులో అయితే పద్నాలుగు నెలలు కాదండీ. పద్నాలుగేళ్ళు కూడా దాటొచ్చు. అటువైపు ఇలాగే ఉంటుందా అని నేను అడిగాను కదండీ..."

"అడిగావు బాబూ. తప్పు నీది కాదు."

నిజానికి కొంత అతనిది కూడా. నా మాట నమ్మకుండా తన ఊచని నమ్మాల్సింది. కానీ ఆ రోజు అది చెప్పే మొహం నాకు లేదు.

పచ్చకోటాయనకి చేస్తే ఆయన కంగారు పడలేదు సరికదా, తేనెలా మాట్లాడాడు. "శుక్రవారం దాకా ఆగండి రీనా గారూ. ముందు ఓటు కానివ్వండి. ఇప్పుడు మనమే ఇలాంటి మాటంటే అవతలివాడి చేతికి కర్ర ఇచ్చినట్టే. తర్వాత చూసుకుందాం." నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మాట నేను రెండు రోజులుగా నాలో నేను అనుకుంటున్నదే. ఆయన నోట వింటే అసహ్యంగా ఉంది.

మంగళవారం కాట్రియోనా ఇంటికి వెళ్ళాను. దానికి చెప్పకుండా ఏం చేసినా ద్రోహమే. బల్ల దగ్గర కూర్చుని మొత్తం చెప్పాను. అది పాలగిన్నె కడుగుతూ వింది, కడగడం ఆపి వింది.

"ఎవరెవరికి తెలుసు?"

"మామయ్యకి, నాకు. ఆ సర్వేయరుకి, పచ్చకోటుకి చెప్పాను."

"వాళ్ళెవరూ నోరు విప్పరు. నువ్వూ విప్పకు."

"కాట్రీ..."

"పెద్దమ్మా, ఆ గోడ చూడు. నా మొహం కాదు, గోడ చూడమంటున్నా. నీ బీడులో పీట్ గాలిలో కలిస్తే ఏమవుతుంది? వందేళ్ళకి ఎక్కడో ఎవరికో ఏదో అవుతుంది. నా పిల్లకి ఇప్పుడవుతోంది!"

లోపలి గదిలో మోరాగ్ బొమ్మలతో ఆడుకుంటోంది. పిల్లికూతలు ఇక్కడికి వినబడుతున్నాయి. లేచి వచ్చేస్తుంటే కాట్రియోనా తలుపు దాకా కూడా రాలేదు.

రెండు రోజులు ఇంట్లో గోడలకేసి చూస్తూ కూర్చున్నాను. నిజం చెబుతున్నాను, నోరు మూసుకుందామనే అనుకున్నాను. ఏం పోయింది, ప్రపంచంలో ఇంతకంటే పెద్ద అబద్ధాలు లేవా అనుకున్నాను. కానీ పక్క గదిలోకి వెళ్ళినప్పుడల్లా ఆ బోర్డులు కనబడేవి. నా చేత్తో రాసిన ‘ఔను’, రెండు వందల సార్లు. ఏమిటి ఔను? దేనికి ఔను? నాకు సిగ్గేసింది.

గురువారం పొద్దున్నే దుకాణం తలుపు మీద నోటీసు అంటించాను. కార్యదర్శికి ఉన్న ఒకే ఒక అధికారం సమావేశం ఎక్కడో చెప్పడం. ‘శుక్రవారం సాయంత్రం ఆరింటికి సమావేశం హాల్లో కాదు, ఎర్రావు గుంట దగ్గర. పాత బూట్లు వేసుకుని రండి. ఇంటి నుంచి పొగగొట్టం కర్రలు తెచ్చుకోండి.’

మే నెలలో మాకు రాత్రి పదిదాకా వెలుగుంటుంది. అరవై ఒక్క మంది వచ్చారు. పచ్చకోటాయన వచ్చాడు, కొత్తబూట్లాయన ఫొటోగ్రాఫరుని వెంటేసుకుని వచ్చాడు. కాట్రియోనా మోరాగ్‌ని ఎత్తుకుని చివరగా నిలబడింది.

నేను పలక మీదికెక్కి చెప్పాను. "మార్చిలో ఆ సర్వేయరుని నేను తీసుకెళ్ళింది మన పొడిదారిన. కొలతలన్నీ పాత గట్లవి. ఇటు ఎలా ఉంటుందని అడిగితే అంతా ఒకటే బీడన్నాను. తెలియక కాదు, నాకు గాలిమరలు కావాలి కాబట్టి అన్నాను. ఇప్పుడు మీరే గుచ్చి చూడండి."

తర్వాత ఒక్కొక్కరే ముందుకొచ్చి కర్రలు బిగించారు. ఎనిమిది కర్రలకి అడుగు తగిలింది. మొదట కూత పెట్టింది సైరన్ ముర్దోనే.

"విన్నారా! ఆవిడ నోటితోనే! ఇదీ వీళ్ళ పచ్చదనం!"

"అదే నేను మొదట్నుంచీ చెబుతున్నాను!" అంటూ కొత్తబూట్లాయన కర్ర పట్టుకుని ఫొటో దిగాలని ముందుకి నడిచాడు. మేమందరం ఒకేసారి అరిచాం గానీ ఆయన ఆగలేదు. కుడికాలు తొడదాకా దిగిపోయింది. పైకి లాగడానికి ఒక పక్క ముర్దో, ఇంకో పక్క పచ్చకోటాయన పట్టుకున్నారు, గత్యంతరం లేక. మనిషి వచ్చాడు, బూటు రాలేదు. ట్రాక్టరుకి తోడు దొరికిందని ఎవరో అన్నారు. అంతే, ఏడాదిగా మొహాలు చూసుకోనివాళ్ళు కూడా కడుపు పట్టుకుని నవ్వారు. మోరాగ్ కేరింతలు కొట్టింది. దాని వెంట దగ్గు వచ్చింది. నవ్వులు ఆగిపోయాయి.

అప్పుడు తోర్మోద్ మామయ్య లేచాడు. ఆయన సమావేశాల్లో మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

"గాలిమరలు వద్దని నేనన్నానా? ఇక్కడ వద్దన్నాను. అసలు ఈ గుంట దాకా ఎందుకొచ్చారో తెలుసా? పాత గట్ల జోలికి పోతే మనం ఊరుకోమని. అక్కడైతే పీట్ నడుం లోతు కూడా లేదు, బండ్ల దారి ఉండనే ఉంది. రీనా కొలతలు అక్కడికి సరిగ్గానే ఉన్నాయి. కానీ ఎవరి గట్టు వాళ్ళకి ప్రాణం. పడవ అడిగితే ఇస్తాం, గట్టు అడిగితే ఇవ్వం."

"నేను మాత్రం ఇవ్వను" అన్నాడు ముర్దో, ఈసారి మామూలు గొంతుతో.

"నిన్ను అడగలేదురా అబ్బాయ్. నాది ఇస్తున్నా."

ఆయన గట్టు అంటే ఏమిటో అక్కడ తెలియనివాళ్ళు లేరు.

"ఇసెబెల్ పోయాక నేనక్కడ కోస్తున్నది చలికి కాదు. మీకు తెలుసు. అయినా మనం కాల్చేదీ పొగే కదా, ఏదో పుణ్యం చేస్తున్నట్టు మాట్లాడుకోవడం దేనికి? అదిప్పుడు దేనికైనా పనికి రానివ్వండి." అని కూర్చున్నాడు.

నా కళ్ళమ్మట నీళ్ళు ఆగలేదు. ఏడుస్తూనే మా నాన్న గట్టు కూడా రాసుకోమన్నాను. ఇంకో రెండిళ్ళవాళ్ళు గొంతు సవరించుకుని మాదీ అన్నారు. తర్వాత నేను చెప్పాల్సింది చెప్పాను. పాత గట్ల మీద మూడు మరలు పట్టవు, రెండే పడతాయి. ఆరు ఇళ్ళు కాదు, ముందు నాలుగే. మళ్ళీ కొలవాలి, మళ్ళీ అనుమతులు అడగాలి. ఏడాది పైనే పడుతుంది. అంటే ఇంకో చలికాలం. ఈ ముక్క చెబుతున్నప్పుడు కాట్రియోనా వైపు చూడలేకపోయాను.

"పాత గట్ల మీదికి మార్చడానికి ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి."

ఎవరూ ఎత్తలేదు. ఎవరికి వాళ్ళు పక్కవాళ్ళని చూస్తున్నారు. అందరూ జాబితాలో మొదటి ఇంటావిడ ఏం చేస్తుందోనని చూస్తున్నారని నాకు అర్థమైంది. కాట్రియోనా మోరాగ్‌ని ఎడమ చంకలోకి మార్చుకుంది. కుడిచెయ్యి ఎత్తింది.

"అలా చూస్తారేంటి?" అంది కోపంగా. "అబద్ధం చెప్పి నా ఇల్లు బాగుచేయిస్తే, రేపు ఇదే ఊరు నా గోడ చూసి వేలెత్తి చూపిస్తుంది. అది పడలేను. ఎత్తండి చేతులు, పిల్లకి చలేస్తోంది."

లెక్కపెడితే నలభై నాలుగు చేతులు. పచ్చకోటాయన చెయ్యి లెక్కలోకి రాదు గానీ ఆయనా ఎత్తాడు. సైరన్ ముర్దో ఎత్తలేదు, అలాగని కూతా పెట్టలేదు. రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని గుంటకేసి చూస్తూ నిలబడ్డాడు.

తిరిగి వచ్చేటప్పుడు మామయ్య నా భుజం పట్టుకుని నడిచాడు.

"ఈ చలికాలం పిల్ల ఎక్కడ పడుకుంటుంది మరి?"

"అదే మామయ్యా, ఏం చెయ్యను? నా చేతిలో ఏముంది?"

"నీ పక్క గదిలో ఒక మంచం ఉండాలే. ఉందా, అమ్మేశావా?"

నేను నడవడం ఆపేశాను. తల కొట్టేసినట్టయింది. నా ఇల్లు ఊళ్ళోకల్లా పొడి ఇల్లు. ఆ గది వంటింటి పొయ్యికి గోడ అవతల ఉంది, ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. ఆ పిల్ల కోసమే అని ఏడాదిపాటు ఊరంతా తిరిగి, ఆ పిల్ల పడుకోవాల్సిన మంచం మీద బోర్డులు పేర్చుకున్నాను. ‘ఔను’ అని రాసి మరీ!

"నోరుంటే చాలదే, అప్పుడప్పుడు ఇంట్లోకి కూడా చూసుకోవాలి" అన్నాడు మామయ్య. ఆ ఒక్కసారి ఆయనకి ఎదురు చెప్పలేదు.

శనివారం పొద్దున్న బోర్డులన్నీ పెరట్లోకి మోసి, అట్టలు చింపి కర్రలు వేరు చేస్తున్నాను. కంచె అవతల నుంచి ముర్దో చూస్తున్నాడు.

"ఏంటి, పారేస్తున్నావా?" ఏడాది తర్వాత అతను నాతో అన్న మొదటి మాట అది.

"పొయ్యిలోకి. కాట్రియోనా, పాపా వస్తున్నారు. చలికాలం ఇక్కడే."

అతను లోపలికి వెళ్ళిపోయాడు. సరే, వీడింతే అనుకున్నాను. పది నిమిషాలకి ఒక పెద్ద కట్ట తెచ్చి కంచె మీదుగా నా వైపు పడేశాడు. అన్నీ ‘వద్దు’లే.

"నా కర్రలు నీవాటికన్నా ఎండినవి. బాగా మండుతాయి" అన్నాడు.

"నీ నోరు కన్నా ఏం మండుతాయిలే" అన్నాను. పళ్ళికిలించాడు.

కాట్రియోనాని ఒప్పించడానికి ఆగస్టు దాకా పట్టింది. ఒకరి పంచన పడి ఉండనని మొండికేసింది. పంచ కాదు, నేను నీకు బాకీ ఉన్న గది అంటే చివరికి సామాన్లు తెచ్చుకుంది. సెప్టెంబరులో జూలియన్ మళ్ళీ వచ్చాడు, ఈసారి మంచి బూట్లతో. నేను వెంట వెళ్ళలేదు. మామయ్య తడీపొడీ అని చూడకుండా బీడంతా తిప్పాడు. దారిలో తగిలే తడినేల కూడా కలిపితే కొత్త లెక్క ‘రెండేళ్ళ రెండు నెలలు’ అని తేలింది. రెక్కలు అరిగాక ఎటు పోతాయో కూడా అందులో ఒక పేజీ రాయించాం. కొత్త కరపత్రం మేమే వేసుకున్నాం, ఏ పార్టీ పంచలేదు. ఎన్నికలు అయిపోయాయి, ఇద్దరు పెద్దమనుషులూ మళ్ళీ కనబడలేదు. బూటు మాత్రం గుంటలోనే ఉంది.

మొన్న అక్టోబరులో మొదటి పెద్ద గాలివాన వచ్చింది. కరెంటు సాయంత్రమే పోయింది. మామయ్య తన గట్టు మీద చివరిసారి కోసిన పీట్ బస్తా ఒకటి తెచ్చి పొయ్యి పక్కన పెట్టి, కుర్చీలో కునుకు తీస్తున్నాడు. మోరాగ్‌కి బళ్ళో ఇప్పుడిప్పుడే అక్షరాలు నేర్పుతున్నారు. పొయ్యి రాజెయ్యడానికి నేను చింపుతున్న ప్రతి అట్టనీ ముందు తన చేతికివ్వాలట. కూడబలుక్కుని చదివాకే పొయ్యిలో వెయ్యనిస్తుంది.

"వ...ద్దు. ఇది ‘వద్దు’ అమ్మమ్మా. ఇది... ‘ఔను’. ఇంకోటివ్వు."

కాట్రియోనా బల్ల దగ్గర బట్టలు మడతపెడుతూ నవ్వుతోంది. కాసేపటికి పిల్ల అట్ట చేతిలో పట్టుకునే నా ఒళ్ళో నిద్రపోయింది. తీసుకెళ్ళి పక్క గదిలో మంచం మీద పడుకోబెట్టాను. వెంటనే వచ్చెయ్యాలనిపించలేదు. బయట గాలి హోరుమంటోంది, అందుకని వంగి దాని మొహం దగ్గర చెవి పెట్టాను. పిల్లికూతల్లేవు. నోరు మూసుకుని, ముక్కుతో ఊపిరి తీస్తూ పడుకుంది.